తీరిక వేళల్లో పోకర్ ఆడేవారు ఏడాదికి ఏ లక్ష్యం పెట్టుకోవాలి: కొన్ని దారుల పోలిక

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మిత్రుడి ఇంటి మిద్దె మీద, నెలకు రెండు ఆదివారాలు, సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఎనిమిది మందిమి కూర్చుని నో-లిమిట్ హోల్డెమ్ పోకర్ (ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి విప్పే ఐదు ముక్కలతో ఆడే పేకాట; తన వంతులో ఎవరైనా తన దగ్గర ఉన్నదంతా పెట్టవచ్చు) ఆడుతుంటాం. డబ్బు పందెం ఏమీ ఉండదు. మొదట్లో చింతగింజలు పంచుకుని ఆడిన మేము తరువాత ప్లాస్టిక్ బిళ్ళలు, అంటే చిప్స్, కొనుక్కున్నాం గాని, ఆట ముగిశాక ఒకరి జేబులో నుంచి మరొకరి జేబులోకి ఒక్క రూపాయి కూడా మారదు. మాలో ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక బ్యాంకు ఉద్యోగి, చిత్తూరు దగ్గర మామిడి తోట ఉన్న రైతు ఒకరు ఉన్నారు; మిగిలినవారు చిన్న వ్యాపారాలు చేసుకునేవారు. ఉగాది దగ్గర పడే వేళకు ప్రతి ఏటా మా మధ్య ఒకే ప్రశ్న వస్తుంది: ఈ ఏడాది ఆటలో ఏం సాధించాలని పెట్టుకుందాం? తలా ఒక జవాబు చెబుతారు. దసరా నాటికి ఆ జవాబులు చాలావరకు చెప్పినవారికే గుర్తుండవు.

నాలుగేళ్ళుగా ఈ చర్చను వింటూ, నా వంతు లక్ష్యాలు పెట్టుకుంటూ, వాటిలో కొన్నిటిని మధ్యలోనే వదిలేస్తూ వచ్చాక, లక్ష్యం నిలబడడమూ పడిపోవడమూ చాలావరకు అది ఏ రకం లక్ష్యమన్నదాని మీదే ఆధారపడి ఉంటుందని నాకు నమ్మకం కుదిరింది. సాధారణంగా మనవాళ్ళు ఎంచుకునేవి ఐదు రకాలు: ఇంత గెలవాలన్నది ఒకటి, ఇన్ని గంటలు ఆడాలన్నది రెండవది, ఇంత నేర్చుకోవాలన్నది మూడవది, నిర్ణయాలు ఇంత శాతం సరిగా తీసుకోవాలన్నది నాలుగవది, ఒక్కసారైనా పెద్ద టోర్నమెంట్‌లో కూర్చోవాలన్నది ఐదవది. వీటిని పక్కపక్కన పెట్టి చూసి, ఎవరి పరిస్థితికి ఏది నప్పుతుందో నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన ఊళ్ళో ఏది సాధ్యమో చూసుకోవాలి

లక్ష్యం కాగితం మీద పెట్టే ముందు చట్టం సంగతి తేల్చుకోవడం అవసరం, ఎందుకంటే ఇతర దేశాల ఆటగాళ్ళు రాసుకునే లక్ష్యాలను చూసి మనవాళ్ళు అలాగే రాసుకుని, ఆ తరువాత వాటిని నెరవేర్చుకోవడానికి తప్పుదారి వెతుక్కోవడం నేను చూశాను. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించారు. 1968లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసులో రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా చెప్పిన మాట నిజమే గాని, ఆ తీర్పును పట్టుకుని పోకర్‌కు కూడా రక్షణ ఉందనుకోవడం తగదు. పైగా 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధించింది.

దీన్నిబట్టి తిరుపతిలోగాని చిత్తూరులోగాని ఉండే ఆటగాడికి మిగిలేవి మూడు: పందెం లేకుండా మిత్రులతో ఆడడం, డబ్బు ప్రసక్తి లేని సాధన, గోవా లాంటి చోట లైసెన్సు ఉన్న కాసినోకు వెళ్ళి అక్కడి నియమాల ప్రకారం ఆడడం. ఎవరి ఇంట్లోనో తలుపులు వేసుకుని పందెం పెట్టి ఆడడాన్ని నేను ఇక్కడ ఒక దారిగా లెక్కలోకి తీసుకోను. ఒకరి ఉద్యోగం, పరువు, ఇంట్లోవారి నిద్ర అన్నీ ఒక్క రాత్రి దాడితో పోగలవు; ఏ లక్ష్యమూ అంత విలువ చేయదు.

ఇంత గెలవాలన్న లక్ష్యం

ఇదే అందరికీ మొదట తోచేది. చిప్స్‌తో ఆడే మాలాంటి చోట కూడా, ఏడాది మొత్తం మీద ఇన్ని చిప్స్ లాభంలో ఉండాలని రాసుకునేవారు ఉన్నారు. వినడానికి స్పష్టంగా ఉంటుంది, కొలవడం తేలిక, నలుగురికీ చెప్పుకోవచ్చు. అయినా అన్ని లక్ష్యాలలోకీ దీన్నే నేను చివరన పెడతాను, అందుకు కారణం నీతి కాదు, లెక్క.

మా ఆట ఏడాదికి 24 సార్లు జరుగుతుంది, ప్రతిసారీ నాలుగు గంటలు. ముక్కలు పంచినప్పటి నుంచి గెలుపు తేలేదాకా ఒక హ్యాండ్ అంటారు; గంటకు 25 హ్యాండ్ల చొప్పున చూసుకుంటే ఏడాదికి 2,400 హ్యాండ్లు వస్తాయి. నో-లిమిట్ హోల్డెమ్‌లో నూరు హ్యాండ్లకు ఒక ఆటగాడి ఫలితం ఎంత ఎగుడుదిగుడుగా ఉంటుందో చెప్పే ప్రామాణిక విచలనం సాధారణంగా 80 నుంచి 100 బిగ్ బ్లైండ్ల (ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టే రెండు పందేల్లో పెద్దది; గెలుపోటములను దానితోనే కొలుస్తారు) మధ్య ఉంటుంది. 90 అనుకుందాం. ఏడాది మొత్తానికి ఈ ఊగిసలాట 90ని 24 వర్గమూలంతో గుణిస్తే వచ్చేంత, అంటే దాదాపు 440 బిగ్ బ్లైండ్లు. ఇప్పుడు బల్ల దగ్గర ఉన్న అందరికంటే నిజంగానే మెరుగైన ఆటగాడిని ఒకరిని ఊహించుకోండి; నూరు హ్యాండ్లకు ఐదు బిగ్ బ్లైండ్లు సంపాదించగల నేర్పు ఆయనకు ఉందనుకోండి, అది చిన్న నేర్పు కాదు. ఏడాదికి ఆయన న్యాయంగా పొందవలసింది 120 బిగ్ బ్లైండ్లు. పొందవలసింది 120, ఊగిసలాట 440. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, అలాంటి మెరుగైన ఆటగాళ్ళు పదిమంది ఉంటే వారిలో దాదాపు నలుగురు ఆ ఏడాదిని నష్టంతో ముగిస్తారని తేలుతుంది.

అదే లెక్కను మరోవైపు నుంచి చూడవచ్చు. మీ అసలు నేర్పు ఎంతో, నూరు హ్యాండ్లకు రెండు బిగ్ బ్లైండ్లు అటూ ఇటూగా తెలియాలంటే రెండు లక్షలకు పైగా హ్యాండ్లు ఆడవలసి ఉంటుంది. మా మిద్దె మీద ఆడే వేగంతో అందుకు 84 ఏళ్ళు పడుతుంది. ఏడాది చివర చిప్స్ లెక్క చూసి నేను బాగా ఆడానా లేదా అని తేల్చుకోవాలనుకోవడం ఎంత నిష్ఫలమో ఈ అంకె నాకు చెప్పినంతగా మరేదీ చెప్పలేదు. ఈ లెక్క వేయకముందు ఒక ఏడాది నేను పెద్ద లాభంలో ముగించి, మరుసటి ఏడాది నా ఆటను ఏమాత్రం సరిచూసుకోలేదు. ఆ ఏడాది నేను నేర్చుకున్నది దాదాపు సున్నా.

ఈ మాట మా రైతు మిత్రుడికి చెప్పినప్పుడు ఆయనకు వివరించవలసిన పనే లేకపోయింది. మామిడి చెట్టు ఒక ఏడాది విరగకాస్తుంది, మరుసటి ఏడాది వెనకపడుతుంది, ధర గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర తేలుతుంది. "ధర నా చేతిలో లేదబ్బా, కత్తిరింపు నా చేతిలో ఉండాది" అన్నాడాయన. కోత అయిన వెంటనే ఎండుకొమ్మలు తీయడం, పాదులు చేసి ఎరువు వేయడం, పూత మీద మంచు పడే రోజుల్లో తేనెమంచు పురుగు కనిపెట్టి మందు కొట్టడం: ఆయన డైరీలో ఉండేవి ఇవే. టన్నుకు ఇంత రావాలి అని ఆయన ఏనాడూ రాసుకోలేదట.

డబ్బు లక్ష్యానికి మరొక హాని కూడా ఉంది. సెప్టెంబరు నాటికి లక్ష్యానికి దూరంగా ఉన్నామని తెలిస్తే, మిగిలిన మూడు నెలల్లో ఆ లోటు పూడ్చాలన్న ఆత్రం వస్తుంది, చిన్న ముక్కలతో కూడా పెద్ద పందేలకు దిగడం మొదలవుతుంది. చిప్స్ ఆటలో దానివల్ల పోయేది ఆట ఒక్కటే. అసలు డబ్బుతో ఆడేవారి విషయంలో ఏం పోతుందో నేను దగ్గర నుంచి చూశాను. మా వారిలో ఒకరు నిషేధానికి ముందు ఫోన్‌లో ఆడుతూ నెలకు ఇంత అని పెట్టుకున్న లక్ష్యాన్ని అందుకోవడానికే ఆ నెల చివరి వారంలో రెండు నెలల జీతం పోగొట్టుకున్నారు. ఆ తరువాత ఆయన ఏడాదిపాటు పేకముక్క ముట్టలేదు.

ఇన్ని గంటలు, ఇన్ని హ్యాండ్లు అన్న లక్ష్యం

ఇది మన చేతిలో ఉన్న విషయం కనుక డబ్బు లక్ష్యం కంటే ఒక మెట్టు పైన ఉంటుంది. అసలు కూర్చోవడమే కష్టంగా ఉన్నవారికి, అంటే పిల్లల పరీక్షలూ బ్రహ్మోత్సవాల రద్దీ రోజుల్లో దుకాణం పనీ బంధువుల రాకపోకలూ చూసుకుంటూ నెలల తరబడి ఆట మానేసేవారికి, 24 ఆటల్లో కనీసం 18కి హాజరు కావాలన్న లక్ష్యం ఎంతో మేలు చేస్తుంది. క్రమం తప్పకుండా ఆడితే తప్ప నేర్చుకున్నది చేతికి రాదు.

అయితే గంటలు లెక్కపెట్టడం మొదలయ్యాక అలసటతో ఆడే గంటలు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. మా ఆటలో తొమ్మిదిన్నర దాటాక నేను కాల్ చేసిన (ఎదుటివారు పెట్టినంత నేనూ పెట్టి కొనసాగిన) హ్యాండ్లను విడిగా రాసి చూసుకున్నప్పుడు, వాటిలో సగానికి పైగా ఏడు గంటలకు చేయని పనులే కనిపించాయి. ఫోన్‌లో ఉచిత చిప్స్‌తో ఆడే ఆటలను కూడా ఈ లెక్కలో కలపవద్దని నా సలహా. అక్కడ ఎవరూ ఫోల్డ్ చేయరు, అంటే ముక్కలు వదిలి తప్పుకోరు, ఏ ముక్కలకైనా కాల్ చేస్తారు. ఆ అలవాటుతో వచ్చి ఆలోచించి ఆడేవారి మధ్య కూర్చుంటే బ్లఫ్ (మంచి ముక్కలు లేకుండానే ఉన్నట్టు పందెం పెట్టి బెదిరించడం) ఎప్పుడు చేయాలో, ఎప్పుడు నమ్మి తప్పుకోవాలో బొత్తిగా తెలియదు. హ్యాండ్ల వరుస (ఏ ముక్కల కలయిక దేనికంటే పెద్దది), బల్ల మీద ఎవరి తరువాత ఎవరి వంతు అన్నవి అలవాటు చేసుకోవలసిన కొత్తవారికి మాత్రం ఒకటి రెండు నెలలు అవి పనికివస్తాయి.

నేర్చుకోవడాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం

వారానికి రెండు మూడు గంటలు తీరిక ఉండి, ఆడేందుకు మనుషులు దొరకనివారికి ఇదే మొదటి దారి. చిత్తూరులోగాని పలమనేరులోగాని ఒంటరిగా ఉన్న ఆటగాడు సైతం ఏడాదిలో చాలా దూరం వెళ్ళగలడు. కాని "ఈ ఏడాది బాగా చదవాలి" అన్నది లక్ష్యం అనిపించుకోదు. నెలకు ఒక అంశం చొప్పున, ఆ నెలాఖరున తనను తాను పరీక్షించుకునేలా ఉండాలి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి నా అభిప్రాయం ఇది. చేతికి వచ్చే రెండు ముక్కల కలయికలు మొత్తం 1,326. రంగుల భేదాన్ని తీసేసి చూస్తే 169 రకాలు, అందులో 13 జోడీలు, 78 ఒకే రంగువి, 78 వేరువేరు రంగులవి. ఈ 169లో ఏవి ఏ స్థానం నుంచి ఆడదగినవో తెలుసుకోవడానికే మొదటి రెండు నెలలు పెట్టాలి. ఆసుల జోడీ 221 సార్లకు ఒకసారి వస్తుందనీ, ఏదో ఒక జోడీ 17 సార్లకు ఒకసారి వస్తుందనీ, జోడీ చేతిలో ఉన్నప్పుడు ఫ్లాప్ మీద, అంటే బల్ల మీద మొదట విప్పే మూడు ముక్కల్లో, అదే ముక్క మూడవది పడే అవకాశం 12 శాతానికి కాస్త తక్కువేననీ తెలిసినవాడు చిన్న జోడీలతో ఎంతవరకు వెళ్ళాలో తనంతట తానే నిర్ణయించుకోగలడు.

తరువాత పాట్‌కూ (ఆ హ్యాండ్‌లో బల్ల మధ్యలో పోగైన మొత్తం) పందేనికీ మధ్య లెక్క. ఎదుటివాడు పాట్‌లో మూడో వంతు పెడితే కాల్ చేయడానికి మనకు 20 శాతం గెలుపు అవకాశం ఉండాలి, సగం పెడితే 25 శాతం, మొత్తం పెడితే 33 శాతం. బ్లఫ్ వైపు నుంచి చూస్తే, పాట్‌లో సగం పెట్టి చేసే బ్లఫ్ మూడింట ఒకసారి, పాట్ అంత పెట్టి చేసే బ్లఫ్ రెండింట ఒకసారి ఎదుటివాడు తప్పుకుంటేనే గిట్టుబాటవుతుంది. ఈ ఐదు అంకెలు కంఠతా వచ్చాక, మనకు పనికివచ్చే ముక్కలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి ఒక్కో ముక్కకు రెండు శాతం చొప్పున వేసుకునే సులువైన పద్ధతి కూడా పట్టుబడితే, మా స్థాయి ఆటకు కావలసిన గణితంలో ముప్పాతిక భాగం వచ్చేసినట్టే. గెలుపు అవకాశాన్ని లెక్కకట్టే ఈక్విటీ కాలిక్యులేటర్ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది, దీనికి అది చాలు. వేలకు వేలు పోసి, ఎక్కడ ఏ ఎత్తు ఉత్తమమో లెక్కకట్టే సాల్వర్ సాఫ్ట్‌వేర్ కొనవలసిన పని మనకు లేదని గట్టిగా చెబుతాను. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే జవాబులు అంతే నేర్పున్న ప్రత్యర్థి ఎదురుగా ఉన్నప్పటివి.

ఈ దారిలో ఉన్న లోటు ఒకటే, చదివినది బల్ల దగ్గర చేతికి రాకపోవడం. మా ఉపాధ్యాయ మిత్రులలో ఒకరికి పై అంకెలన్నీ నోటికి వచ్చు. అయినా పక్కవాడు "ఏమి సామీ, భయమా?" అంటే చాలు, ఏ అంకె ఏం చెప్పినా కాల్ చేసేస్తారు.

నిర్ణయాలను కొలిచే లక్ష్యం

ఆ ఎడాన్ని పూడ్చేది ఇదే, నా మట్టుకు నేను ఎంచుకున్నదీ ఇదే. ఆట ఎలా ముగిసిందన్నది పక్కన పెట్టి, నిర్ణయం తీసుకున్న క్షణంలో మన దగ్గర ఉన్న సమాచారంతో అది సరైనదా కాదా అన్నది మాత్రమే లెక్కించడం ఈ పద్ధతి. ప్రతి ఆటలోనూ మూడు హ్యాండ్లు, మనకు ఎక్కువ సందేహం కలిగించినవి, నోటుబుక్కులో రాసుకోవాలి. ఏడాదికి 72 అవుతాయి. రాసుకోవలసినవి: పాట్ ఎంత, నేను పెట్టవలసింది ఎంత, అందుకు కావలసిన శాతం ఎంత, నాకు ఉందనుకున్న శాతం ఎంత, ఎదుటివారి దగ్గర ఏ ముక్కలు ఉండవచ్చుననుకున్నాను. ఎవరు గెలిచారన్నది ఆ పేజీలో రాయకూడదు.

ఒక ఉదాహరణ చెబుతాను. పోయిన కార్తీకమాసంలో ఒక ఆదివారం నా చేతిలో ఆఠీను రాజు, ఆఠీను జాకీ ఉన్నాయి. నాలుగో ముక్క పడేసరికి బల్ల మీద ఆఠీను నాలుగు, ఆఠీను ఎనిమిది, కళావర్ ఆసు, ఇస్పేట్ రెండు ఉన్నాయి. పాట్ 300. ఎదురుగా ఉన్న మిత్రుడు 150 పెట్టాడు, ఆయన దగ్గర ఇంకా మిగిలినవి 80 చిప్స్ మాత్రమే. ఆయన దగ్గర ఆసు ఉందని నాకు ముందునుంచే నమ్మకంగా ఉంది. రాజు పడినా జాకీ పడినా ఆయన ఆసుల జోడీ ముందు నాకు లాభం లేదు, ఆఠీను పడి ఒకే రంగు ముక్కలు ఐదు (ఫ్లష్) అయితేనే గెలుపు. నేను 150 పెట్టి కాల్ చేశాను. చివరి ముక్క ఆఠీను ఆరు. గెలిచాను, బల్ల చుట్టూ చప్పట్లు కూడా కొట్టారు.

ఇంటికి వచ్చి నోటుబుక్కు తెరిస్తే కథ వేరుగా ఉంది. నాకు కనబడని 46 ముక్కలలో ఆఠీనులు తొమ్మిది, అంటే 19.6 శాతం. 450 గెలవడానికి 150 పెట్టినప్పుడు కావలసింది 25 శాతం. ఆఠీను పడినప్పుడల్లా తరువాతి పందెంలో ఆయన నుంచి సగటున ఇంకో 167 చిప్స్ రాబట్టగలిగితే ఆ లోటు పూడేది, కాని ఆయన దగ్గర ఉన్నవే 80. ఏ విధంగా చూసినా అది తప్పుడు కాల్. ఆ పేజీ పైన ఎర్ర ఇంకుతో తప్పు అని రాసుకున్నాను. డబ్బు లక్ష్యమో చిప్స్ లక్ష్యమో పెట్టుకున్న ఏడాదిలో అయితే ఆ హ్యాండ్‌ను నా ఘనతల కింద చెప్పుకునేవాణ్ణి, అదే తప్పును మరో ఇరవై సార్లు చేసేవాణ్ణి.

నిర్ణయాల లక్ష్యాన్ని అంకెల్లో పెట్టుకోవచ్చు. మొదటి మూడు నెలలు ఏ లక్ష్యమూ లేకుండా కేవలం రాసుకుంటూ పోవాలి. ఆ 18 హ్యాండ్లలో ఎన్ని సరైనవో చూస్తే మన ఇప్పటి స్థితి తెలుస్తుంది. నాకు మొదటిసారి 18కి 10 వచ్చాయి. ఆ తరువాత చివరి మూడు నెలల 18లో 14 రావాలని పెట్టుకున్నాను. ఇందులో జాగ్రత్త పడవలసింది ఒకటి ఉంది, మనకు మనమే న్యాయమూర్తులమైతే మార్కులు ఉదారంగా పడతాయి. కాబట్టి నెలకోసారి నోటుబుక్కును ఇంకొకరితో మార్చుకోవాలి. నేనూ బ్యాంకు ఉద్యోగి మిత్రుడూ ఒకరి పేజీలు ఒకరం చూసుకుంటాం. ఆయన ఒక్కసారి కూడా మొహమాటపడలేదు, అందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

మనసు అదుపును కూడా ఈ లక్ష్యంలోనే కలుపుకోవచ్చు. పోకర్‌లో టిల్ట్ అని పిలిచేది, పెద్ద హ్యాండ్ ఓడిన తరువాత ఉక్రోషంతో ఆడడం. ఆసుల జోడీకీ రాజుల జోడీకీ పోటీ పడినప్పుడు కూడా ఆసులు ఐదింట ఒకసారి దాకా ఓడిపోతాయి. అది ఆటలో భాగమని తలకు తెలిసినా చేతులు వినవు. అలాంటి ఓటమి తరువాత లేచి ఐదు నిమిషాలు మిద్దె చివర నిలబడి, అలిపిరి మెట్లదారి దీపాలను చూసి వచ్చి కూర్చోవడం నా నియమం. ఏడాదిలో ఎన్నిసార్లు ఆ నియమం పాటించానో, ఎన్నిసార్లు తప్పానో అది కూడా రాసుకుంటాను.

పెద్ద టోర్నమెంట్ కల

2003లో అమెరికాలోని టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ తక్కువ ఖర్చుతో ఆన్‌లైన్ అర్హత పోటీ గెలిచి, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో కూర్చుని, 25 లక్షల డాలర్లు గెలుచుకున్నప్పటి నుంచి ప్రపంచమంతటా తీరిక ఆటగాళ్ళకు ఈ కల పట్టుకుంది. ఆ పోటీలో కూర్చున్నవారు 839 మంది అన్న సంగతి మాత్రం ఎక్కువమంది గుర్తుపెట్టుకోరు.

మనకు అందుబాటులో ఉండేది గోవా. పణజి దగ్గర మాండవి నదిలో కాసినో ఓడలు ఉన్నాయి, 21 ఏళ్ళు నిండినవారికే ప్రవేశం. తిరుపతి నుంచి హరిప్రియ ఎక్స్‌ప్రెస్‌లో హుబ్బళ్ళి దాకా వెళ్ళి అక్కడి నుంచి బస్సు పట్టుకోవచ్చు. ప్రయాణం, బస, భోజనం, ప్రవేశ రుసుము అన్నీ కలిపి ఇది ఒక కుటుంబం వేసవి విహారానికి అయ్యేంత ఖర్చు అని ముందే ఒప్పుకోవాలి. గెలిచినా అందులో 30 శాతం ఆదాయపు పన్ను, దాని మీద సెస్సు పోతాయి. ఇతర ఆటల్లో ఓడినదాన్ని ఆ గెలుపులో నుంచి తగ్గించుకునే వీలు చట్టంలో లేదు.

టోర్నమెంట్‌లో సాధారణంగా కూర్చున్నవారిలో 10 నుంచి 15 శాతం మందికే బహుమతి దక్కుతుంది. 15 శాతం అనే అనుకున్నా, ఏడాదికి నాలుగు పోటీలు ఆడినవారికి నాలుగింటిలోనూ ఖాళీ చేతులతో తిరిగివచ్చే అవకాశం సగానికి పైనే ఉంటుంది. అందుచేత బహుమతి గెలవడాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దు. విహారం కింద ఖర్చు రాసేసి, ఒక్క పోటీకి పూర్తి సన్నద్ధతతో వెళ్ళి, అక్కడ కూడా మూడు హ్యాండ్లు రాసుకుని రావడం లక్ష్యమైతే నేను సంతోషంగా సమర్థిస్తాను. మా వారిలో ఇద్దరు అలా వెళ్ళి వచ్చారు. ఇద్దరూ మొదటి రోజే ఓడిపోయారు, ఇద్దరి నోటుబుక్కులూ ఆ ఏడాది మా అందరికీ పాఠ్యపుస్తకాలయ్యాయి.

ఎవరికి ఏది

కొత్తగా నేర్చుకుంటున్నవారు, అంటే హ్యాండ్ల వరుస ఇంకా తడుముకునేవారు, మొదటి ఆరు నెలలు హాజరు లక్ష్యమే పెట్టుకోవాలి, దానితోపాటు 169 రకాల ముక్కల పాఠం. ఏడాదికి పైగా ఆడినవారు, ఆడేందుకు మనుషులు ఉన్నవారు, నిర్ణయాల నోటుబుక్కును ఎంచుకోవాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. మనుషులు దొరకనివారు చదువు లక్ష్యం పెట్టుకుని, ఆ ఏడాదిలోనే మరో ఐదుగురిని పోగుచేయడాన్ని కూడా లక్ష్యంలో చేర్చుకోవాలి, ఎందుకంటే ఒంటరి చదువు రెండో ఏడాదికి ఎండిపోతుంది. యూనివర్సిటీల్లో చదువుకునే పిల్లలు నన్ను అడిగితే, డబ్బు ప్రసక్తి లేని చదువూ చిప్స్ ఆటా తప్ప మరేదీ వద్దని చెబుతాను. ముక్కల మీద నిజంగా ప్రేమ ఉండి పోటీలంటే ఇష్టపడేవారు బ్రిడ్జ్ వైపు కూడా చూడవచ్చు. పంచిన ముక్కలే అన్ని బల్లల మీదా తిరిగే డూప్లికేట్ పద్ధతిలో అదృష్టం వాటా బాగా తగ్గిపోతుంది, 2018 ఆసియా క్రీడల్లో మన దేశానికి అందులో బంగారు పతకం కూడా వచ్చింది.

ఇంకొక వర్గం ఉంది. ఆట కోసం ఎప్పుడైనా అప్పు చేసినవారు, ఓడిన మొత్తాన్ని ఇంట్లో దాచినవారు, పోయినదాన్ని రాబట్టుకోవడానికే మళ్ళీ కూర్చున్నవారు పై ఐదింటిలో ఏదీ ఎంచుకోకూడదు. వారికి ఈ ఏడాది ఆట లేకుండా గడపడమే తగిన లక్ష్యం, అందుకు ఇంట్లో ఒకరికి నిజం చెప్పడం మొదటి పని. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ ఆటలో రెండు నెలల జీతం పోగొట్టుకున్న మా మిత్రుడు ఆ ఏడాది విరామం తరువాతే చింతగింజల ఆటలోకి వచ్చారు, ఇప్పటికీ చిప్స్ లెక్క చూసుకోకుండానే లేచి వెళ్ళిపోతారు.

రెండు లక్ష్యాలు కలుపుకోవచ్చా అని అడిగేవారికి, రెండు చాలని, మూడోది వద్దని చెబుతాను. హాజరుకూ నిర్ణయాలకూ బాగా పొత్తు కుదురుతుంది, చదువుకూ నిర్ణయాలకూ ఇంకా బాగా కుదురుతుంది. డబ్బు లేదా చిప్స్ లక్ష్యాన్ని వేటితో కలిపినా మిగతాదాన్ని అది మింగేస్తుంది. రెండు మూడు ఆటలు గడిచేసరికి మనసు లెక్కపెట్టేది దాన్నొక్కదాన్నే అవుతుంది.

ఈ ఏడాది నా నోటుబుక్కు మొదటి పేజీలో మూడు వాక్యాలే ఉన్నాయి. 24 ఆటల్లో 20కి రావాలి. 72 హ్యాండ్లు రాయాలి, చివరి 18లో 15 సరిగా ఉండాలి. తొమ్మిదిన్నర తరువాత ఫ్లష్ కోసం ఎదురుచూస్తూ కాల్ చేయవలసి వస్తే, చేసే ముందు 46 ముక్కలలో నాకు కావలసినవి ఎన్నో నోటితో లెక్కపెట్టాలి. ఆ పేజీ కింద బ్యాంకు మిత్రుడి సంతకం ఉంది, ఆయన పేజీ కింద నాది.